హైదరాబాదు హీరోస్

హైదరాబాదు హీరోస్, ఇండియన్ క్రికెట్ లీగులో ఆడిన ట్వంటీ20 జట్టు. ఎస్సెల్ గ్రూపు 2007లో ప్రారంభించిన ఈ లీగును భారత క్రికెట్ నియంత్రణ మండలి గుర్తించలేదు. ఇందులో చేరిన ఆటగాళ్ళను దేశవాళీ, అంతర్జాతీయ పోటీలకు దూరం చేసింది.

గుంటూరులో జన్మించిన అంబటి రాయుడు 2004 అండర్-19 ప్రపంచకప్పులో భారత జట్టు నాయకుడు. సీనియర్ జట్టులో స్థానం దక్కక ముందే, వికెట్ కీపర్ ఇబ్రహీం ఖలీల్ వంటి హైదరాబాదు ఆటగాళ్ళతో పాటు ఇతడు ఈ జట్టుకు ఆడాడు. క్రిస్ హారిస్ నాయకత్వంలో జట్టు 2008లో లాహోర్ బాద్‌షాస్‌ను ఓడించి విజేతగా నిలిచింది. అయితే ఆ పరుగులేవీ అధికారిక గణాంకాలలో చేరలేదు.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్.బి.ఎ.లో ఒప్పందం గడువు తీరిన ఆటగాడు ఫ్రీ ఏజెంటుగా వేరే జట్టుకు వెళ్ళవచ్చు. 2011లో యాజమాన్యాలు లాకౌట్ ప్రకటించగా ఆటగాళ్ళ సంఘం బేరమాడింది. సీజను 82 ఆటల నుండి 66కు తగ్గింది. ఆ విరామంలో టర్కీలో ఆడిన డెరన్ విలియమ్స్ తిరిగివచ్చి తన పాత జట్టులోనే కొనసాగాడు. ఐసీఎల్ నాటికి భారత క్రికెటర్ల పక్షాన అలా బేరమాడగల సంఘమేదీ లేదు.

2009లో ఐసీఎల్‌ను వదులుకొన్న 79 మంది భారతీయ ఆటగాళ్ళకు మండలి క్షమాభిక్ష ప్రకటించింది. వారు చేసిన నేరమల్లా మరో యజమాని వద్ద కుదరడమే. రాయుడు 2010లో ముంబై ఇండియన్స్‌లో చేరాడు. 2013 జూలైలో హరారేలో తొలి వన్డే ఆడి 63 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. అప్పటికి అతనికి 27 ఏళ్ళు.