జీవకణమునకు ద్వారపాలకులు

మన దేహములో ప్రతిదినమును కోట్లకొలది జీవకణములు నశించుచున్నవి. వాని స్థానమున కోట్లకొలది క్రొత్తవి పుట్టుచున్నవి. వ్రేలికి తగిలిన గాయము మానుట, కత్తిరించిన జుట్టు మరల పెరుగుట, రక్తదానము చేసినవారికి కొలది వారములలో రక్తకణముల లోటు తీరుట, ఇవన్నియు ఒకే కార్యముపై ఆధారపడియున్నవి: ఒక కణము రెండు కావలెను. అట్లు కావలెనన్నచో, దానిలోని వంశలేఖనమైన డి.ఎన్.ఏ.కు మొదట మరియొక ప్రతి సిద్ధము కావలెను. ఆ ప్రతి సరిగా ఒక్కమారే తయారగుట ఎట్లు? రెండవమారు తయారుకాకుండ అడ్డుపడువారెవ్వరు? ఈ ప్రశ్నకు త్రోవ చూపినవారిలో తెలుగువారొకరుండుట మనకు సంతోషదాయకము.

ముందుగా ఆ లేఖన మెట్లున్నదో చూతము. ఒక్క మానవకణములోని డి.ఎన్.ఏ. పోగులన్నిటిని చాచి, కొసకు కొస చేర్చినచో, సుమారు రెండు మీటర్ల పొడవగును. దానిని దాచుకొన్న కేంద్రకము అడ్డుకొలత మిల్లీమీటరులో నూరవ వంతుకన్నను తక్కువ. ఇంత పొడవైన దారము అంత చిన్న పెట్టెలో చిక్కుపడకుండ ఇముడుటకు కారణము హిస్టోనులను మాంసకృత్తులు. జర్మను శాస్త్రజ్ఞుడు ఆల్బ్రెక్ట్ కోసెల్ వీనిని 1884లో కనుగొనెను. ఎనిమిది హిస్టోనులు కలిసి ఒక చిన్న కండెగా ఏర్పడును. దానిచుట్టును డి.ఎన్.ఏ. ఇంచుమించు ఒకటిన్నర చుట్టులకు మించి చుట్టుకొనును. ఒక్కొక్క కండెకు పట్టు దారము 147 అక్షరముల పొడవు. ఇట్టి కండెలు లక్షలకొలది వరుసగా కూర్చబడిన పదార్థమునకే క్రోమాటిన్ అని పేరు.

మగ్గమువద్ద కూర్చున్న నేతగానికి కండెను ఎప్పుడు బిగింపవలెనో, ఎప్పుడు వదలవలెనో తెలియును. కణమునకును అట్లే తెలియును. హిస్టోనుల అంచులకు చిన్న రసాయనిక చిహ్నములు తగిలించుటవలనను, తీసివేయుటవలనను కొన్ని భాగములు సడలును, కొన్ని బిగియును. సడలినచోట లేఖనము చదువబడును. బిగిసినచోట అది మౌనముగా నుండును. కంటికణమును కాలేయకణమును ఒకే లేఖనమును కలిగియుండియు వేరువేరు పనులు చేయుటకు ఇది ముఖ్యకారణములలో ఒకటి.

ఇక ప్రతి తయారుచేయు పని. మానవుని క్రోమోసోములలో మిక్కిలి పొడవైనదానిలో సుమారు 25 కోట్ల అక్షరజంటలు గలవు. నకలు వ్రాయు యంత్రాంగము క్షణమునకు ఇంచుమించు 50 అక్షరముల వేగముతో సాగును. నడుమ ఒక్కచోట మొదలిడి రెండు దిక్కులకు సాగినచో, ఆ ఒక్క క్రోమోసోమునకే 29 దినములు పట్టును. కాని మన కణములు ఈ పనినంతటిని సుమారు ఎనిమిది గంటలలో ముగించుచున్నవి. వేలకొలది చోట్ల పని ఒకే విడతలో సాగుటయే ఇందలి రహస్యము. పొడవైన గోడను ఒక్క మేస్త్రీ ఒక కొసనుండి కట్టుకొని వచ్చుటకును, అడుగడుగున ఒక్కొక్క మేస్త్రీ నిలిచి కట్టుటకును గల భేదమే ఇది.

అయితే ఇందులో ఒక చిక్కు గలదు. మేస్త్రీలు వేలమంది అయినప్పుడు, తాను కట్టవలసినచోటు ఇదివరకే పూర్తియైనదో లేదో ఒక్కొక్కరికి తెలియుట యెట్లు? ఒకచోట రెండుమారులు నకలు తీసినచో లేఖనము అదనముగా పెరిగి తెగిపోవును. ఒకచోట విడిచిపెట్టినచో, కణము చీలునప్పుడు అక్కడనే పోగు త్రెగును. ఈ రెండును కేన్సరు వ్యాధికి దారితీయగల ప్రమాదములు.

1970లో తెలుగువాడైన పోటు నరసింహారావు, ఆయన సహచరుడు రాబర్ట్ జాన్సన్, అమెరికాలో ఒక సొగసైన ప్రయోగము చేసిరి. హెన్రియెట్టా లాక్స్ అను నల్లజాతి స్త్రీ దేహమునుండి 1951లో, ఆమె అనుమతి లేకయే, గ్రహింపబడిన కణములు ప్రపంచమంతటను ప్రయోగశాలలలో పెంపబడుచున్నవి. అట్టి కణములను వారు తీసికొని, వేరువేరు దశలలోనున్న రెండేసి కణములను ఒకటిగా కలిపివేసిరి. ఇంకను నకలు మొదలిడని కణమును, నకలు వ్రాయుచున్న కణముతో కలిపినప్పుడు, మొదటిదాని కేంద్రకము తన వేళకు ముందే పని ప్రారంభించెను. కాని నకలు ముగించిన కణమును అదేవిధముగ కలిపినప్పుడు, దాని కేంద్రకము కదలలేదు. ప్రేరేపించు పదార్థము చుట్టునున్నను, అది రెండవమారు వ్రాయుటకు పూనుకొనలేదు.

దీనినిబట్టి రెండు సంగతులు తేలినవి. పని మొదలిడుమని చెప్పు సంకేతమొకటి కణరసములో గలదు. ఆ సంకేతమును వినుటకు కేంద్రకమునకు అర్హత యుండవలెను. పని ముగిసినతోడనే ఆ అర్హత తొలగిపోవును. 1988లో జూలియన్ బ్లో, రాన్ లాస్కీ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు కప్పగ్రుడ్ల రసముతో ప్రయోగములు చేసి, ఆ అర్హతకు అనుమతిపత్రమను భావమును కల్పించిరి.

ఈ అనుమతిపత్రము సంగతి మన నగరవాసులకు సులభముగా బోధపడును. మూసీనదిపై 1578లో కట్టబడిన పురానాపూల్ వంతెనకు నగరమువైపున ఒక పాత దర్వాజా నేటికిని నిలిచియున్నది. హైదరాబాదు చుట్టును ప్రాకారమున్న కాలపు ద్వారములలో మిగిలిన కొలదివానిలో అది యొకటి. అట్టి ద్వారమువద్ద ఇట్టి నియమమొకటి యున్నదని ఊహింతము: తెల్లవారకముందు, తలుపు మూసియున్నప్పుడు మాత్రమే చీటీలు ఇత్తురు. తలుపు తెరచినతోడనే చీటీలిచ్చు గది మూయుదురు. లోనికి పోవువాని చీటీని అక్కడనే చింపివేయుదురు. ఒకడు మరల వెలుపలికి వచ్చి చేయి చాచినను, ఆనాటికి వానికి రెండవ చీటీ లభింపదు. కాపలావాడు ఎవరి మొగమును గుర్తుంచుకొన నక్కరలేదు. వేళలు వేరుచేయుటయే చాలును.

కణములో జరుగునదియు ఇదియే. డి.ఎన్.ఏ.పై నకలు మొదలు కావలసిన చోట్లను ఆరు మాంసకృత్తుల కూటమి యొకటి గుర్తుపట్టి కూర్చుండును. దానికి ఓ.ఆర్.సి. అని పేరు. స్టీఫెన్ బెల్, బ్రూస్ స్టిల్‌మన్ అనువారు 1992లో దీనిని పులిసిన పిండిలోనుండు ఈస్టు కణములలో కనుగొనిరి. పిమ్మట మానవకణములందును అట్టిదే కలదని తెలిసినది. సి.డి.సి.6, సి.డి.టి.1 అను మరి రెండు సహాయకులు వచ్చి, ఎం.సి.ఎం. అను ఉంగరమువంటి యంత్రమును దారమునకు తొడిగించును. ఈ ఉంగరమే చీటీ. నకలు వేళ వచ్చినప్పుడు ఆ ఉంగరమే రెండు పేటలను విడదీయుచు ముందుకు సాగును. పని ముగిసినచోట దారమును విడిచిపెట్టును. చీటీ చిరిగినట్లే.

మరి క్రొత్త చీటీ పుట్టకుండ చూచువారెవ్వరు? పని మొదలైనతోడనే సి.డి.టి.1ను కణము ముక్కలు చేయును. మిగిలియున్నదానిని జెమినిన్ అను మరియొక మాంసకృత్తు పట్టుకొని కదలనీయదు. కణము రెండుగా చీలు వేళకు జెమినిన్ నశించును. అప్పుడు మాత్రమే చీటీల గది మరల తెరువబడును.

నకలు సాగుచుండగా కండెలును విప్పబడును. పాత హిస్టోనులు రెండు క్రొత్త పోగులకును పంచబడును. కొరతపడిన తావులలో క్రొత్త హిస్టోనులను తెచ్చి అమర్చుటకు వేరే మాంసకృత్తులు గలవు. లేఖనముతోబాటు, ఎచ్చట చదువవలెను, ఎచ్చట మౌనము వహింపవలెను అను సంప్రదాయమునుగూడ ఇట్లు చాలవరకు సంతానకణమునకు అందింపబడును.

ఈ కాపలా సడలినచో ఏమగును? ఓ.ఆర్.సి. మొదలగువానిలో పుట్టుకతో లోపమున్న కొందరు శిశువులు పొట్టిగా, చిన్నచెవులతో, మోకాలిచిప్ప లేకుండ పుట్టుదురని 1911 కాదు, మన కాలముననే, 2011లో తెలిసినది. కొన్ని కేన్సరులలో సి.డి.టి.1 మితిమీరి యుండును.

శత్రువు పనిచేయు త్రోవను మూయుట కేన్సరు చికిత్సకు ఒక మార్గము. ఇక్కడను తెలుగుపేరొకటి వినవచ్చును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఫోలిక్ ఆమ్లమును గూర్చి పరిశోధించిరి. డి.ఎన్.ఏ. అక్షరములలో ఒకదానిని తయారుచేయుటకు ఆ విటమిను ఆవశ్యకము. దానికి ప్రతికూలముగ పనిచేయు ఔషధములను ఆయన బృందము సిద్ధపరచెను. వానితో సిడ్నీ ఫార్బర్ 1948లో రక్తకేన్సరు సోకిన కొందరు పిల్లలకు తాత్కాలికోపశమనము కలిగించెను. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు పరమపదించిరి. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది.

కేన్సరు మందులకు జుట్టు రాలుట, నోరు పూయుట ఎందుకని పలువురడుగుదురు. ఇట్టి మందులలో పెక్కింటికి దుష్టకణము, సాధుకణము అను భేదము తెలియదు. త్వరత్వరగా చీలు కణములన్నియు వానికి గురి. వెండ్రుకల మూలములు, నోటిపొర, రక్తమజ్జ అట్టివే. కావున ఇది చికిత్స చెడిన గుర్తు కాదు. అయినను జ్వరము వచ్చినచో మాత్రము ఆలస్యము చేయక వైద్యునికి తెలుపవలెను.

గృహస్థులు గుర్తుంచుకొనవలసినవి మరి రెండు గలవు. గర్భిణులకు ఫోలిక్ ఆమ్లపు మాత్రలు ఇచ్చుట శిశువుయొక్క మెదడు, వెన్నుపాము సరిగా రూపొందుటకు. ఆ అవయవములు గర్భముయొక్క తొలివారములలోనే ఏర్పడును. కావున గర్భధారణకు ముందునుండియే వానిని వాడుట మేలు. ఇక కీళ్లవ్యాధికి మెథోట్రెక్సేటును వారమునకు ఒక్కమారే వాడుదురు. దినమునకొకటి చొప్పున మ్రింగుట ప్రాణాపాయకరము. ఇంటిలో పెద్దలున్నచో చీటీని మరియొకమారు చదివి, వారము పేరును పెట్టెపై వ్రాసియుంచుట మంచిది.

ఇట్టి విద్యకు మన నగరమే ఒక స్థానమైనది. పుష్పమిత్ర భార్గవగారు మొదలిడిన కణజీవశాస్త్ర పరిశోధనకేంద్రము 1977లో ఇక్కడ ఏర్పడెను. దాని హబ్సిగూడ ప్రాంగణము 1987లో జాతికి అంకితమైనది. క్రోమాటినును గూర్చిన పరిశోధన అక్కడ జరుగుచున్నది. కంటికి కనిపింపని ఆ ద్వారపాలకులు ఈ క్షణమునను మన మజ్జలోను, చర్మములోను చీటీలు చింపుచునే యున్నారు. వారి నియమమును తెలిసికొన్నకొలది, అది తప్పినచోట మనము తలుపు వేయగల మార్గములును తెలియుచుండును.