లో-గ్రేడ్ గ్లయోమా

పిల్లల మెదడులో నెమ్మదిగా పెరిగే కణితి ఇది. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో 1, 2 గ్రేడ్‌లది. అరుదనుకుంటాం గానీ, పిల్లల మెదడు కణితుల్లో దాదాపు మూడో వంతు ఇవే! అందులో పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమాది పెద్ద వాటా. చిన్నమెదడులో వస్తే, పూర్తిగా తీసేయగలిగితే చాలామందికి నయమైనట్టే. తీయలేని చోట ఉంటే కీమోథెరపీ. బీఆర్‌ఏఎఫ్ జన్యుమార్పు ఉండి, చికిత్సకు లొంగనివాటికి 2024లో అమెరికా టోవోరాఫెనిబ్ మందును అనుమతించింది.

నెమ్మదితనమే దీని మాయ. పొద్దున్నే తలనొప్పి, వాంతి, నడకలో తూలడం, మెల్లకన్ను... నెలల తరబడి అజీర్తి ఖాతాలోకో, కళ్లద్దాల ఖాతాలోకో పోతాయి. సూరత్ శివారు కడోదరా మిల్లుల్లో షిఫ్టులు చేసే తెలుగు తల్లిదండ్రులారా, ఇవి తగ్గకపోతే ఎంఆర్‌ఐ అవసరమేమో డాక్టర్‌ని అడగండి.