పాలలోంచి పుట్టిన పేరు

రంజాన్ పండగ పొద్దున హైదరాబాద్ పాతబస్తీలో ఏ ఇంటికెళ్లినా షీర్ ఖుర్మా గిన్నె చేతికందుతుంది. షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. రెండూ పారశీకం నుంచి వచ్చినవే. ఇరాన్‌లో తరతరాలుగా ఆడపిల్లలకు పెట్టుకుంటున్న షిరీన్ అనే పేరుకూ ఆ పాలే మూలం.

నిఘంటువు ఆ పేరుకు అర్థం 'తియ్యనిది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. అక్కడితో ఆగితే అసలు రుచి అందదు. నమక్ నుంచి నమకీన్, రంగ్ నుంచి రంగీన్ వచ్చినట్టే షీర్ నుంచి షిరీన్ వచ్చింది. పాలగుణం కలది అని అర్థం. పాల కమ్మదనమే పోనుపోను తీపి అయింది. ఇరాన్‌లో ఇవాళ్టికీ మిఠాయిని షిరీని అంటారు. పసినోరు ఎరిగే మొదటి తీపి పాలే కదా!

మనకూ ఇది పరాయి మాట కాదు. మన క్షీరాన్నంలోని క్షీరం, షీర్ ఒకే తల్లి బిడ్డలు. ఒకరి దగ్గర ఒకరు అప్పు తెచ్చుకున్నవి కావు. ఇరాన్ వైపు వెళ్లిన మాటలో మొదటి ధ్వని అరిగిపోయింది, అంతే.

ఈ పేరును చరిత్రకెక్కించిన షిరీన్, 590 నుంచి 628 దాకా ఇరాన్‌ను ఏలిన ససానియన్ చక్రవర్తి రెండో ఖుస్రో భార్య. క్రైస్తవురాలు. ఆమెను కావ్యనాయికగా నిలబెట్టింది మాత్రం 12వ శతాబ్దపు గంజా నగర కవి నిజామీ. ఆయన కథలో షిరీన్ కోటకు పాలు రావడం కష్టం. మందలు మేసేది దూరపు కొండల్లో. ఫర్హాద్ అనే శిల్పి రాతిని తొలిచి, పాలు నేరుగా ఆమె కోటకు పారేలా కాలువ తవ్వుతాడు. పాల పేరున్న మనిషి కోసం పాల కాలువ! కావ్యం మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టమిదే. తర్వాత షిరీన్ మీది ప్రేమతో బీసుతూన్ కొండను తొలుస్తున్న ఫర్హాద్‌కు, షిరీన్ చనిపోయిందని ఖుస్రో మనుషులు అబద్ధపు కబురు చేరవేస్తారు. అది విని అతను ప్రాణం విడుస్తాడు. ఉర్దూలో అసాధ్యమైన పని చేయడాన్ని 'పాల కాలువ తేవడం' అంటారు. ఆ నుడికారం ఈ కథ పెట్టిన భిక్షే.

పేరు వింటే మెత్తన. ఆ పేరున్న ఆడవాళ్లు మాత్రం గట్టివాళ్లు. నిజామీ షిరీన్ గుర్రమెక్కి ఒంటరిగా దేశాలు దాటుతుంది. తనకు సరిపడా గౌరవం ఇవ్వని చక్రవర్తిని కోట గుమ్మం బయటే నిలబెడుతుంది. మన కాలంలో ఇరాన్‌కు చెందిన షిరీన్ ఎబాదీ ఉన్నారు. 1979 విప్లవం తర్వాత, ఆడవాళ్లు న్యాయమూర్తులుగా ఉండకూడదంటూ ఆమెను పదవి నుంచి దించి, తాను తీర్పులిచ్చిన న్యాయస్థానంలోనే గుమాస్తాను చేశారు. ఆమె వెనక్కి తగ్గలేదు. 1992లో న్యాయవాదిగా అనుమతి సంపాదించి, పిల్లల హక్కుల కోసం, రాజకీయ ఖైదీల కోసం వాదించారు. 2003లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. ఇరాన్‌కు అదే మొదటి నోబెల్.

2008లో ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియారొస్తామీ 'షిరీన్' పేరుతో సినిమా తీశారు. అందులో ఖుస్రో–షిరీన్ కథ తెర మీద కనిపించదు, వినిపిస్తుంది. కనిపించేవి ఆ కథను చూస్తున్న వందమందికి పైగా నటీమణుల ముఖాలు.

మీ వీధిలోనో ఆఫీసులోనో షిరీన్ అనే అమ్మాయి ఉంటే, ఆమె పేరులో మన క్షీరం ఉందని చెప్పండి.