బయోడేటాలో చేతిపని కనబడాలి

ఎర్రమంచిలో కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో బయోడేటా కొత్త మాట కాదు. ఐ.టి.ఐ. పాసైన కుర్రాళ్లు జెరాక్సు దుకాణానికి వెళ్లి, అడిగినంత ఇచ్చి, ఒక కాగితం రాయించుకుంటున్నారు. చిక్కంతా ఆ కాగితంలోనే ఉంది.

దుకాణదారు దగ్గర నమూనా ఒక్కటే. పేరు, తండ్రి పేరు మారుతాయి. మిగతాదంతా అదే. పైన ఎవరికీ అర్థం కాని నాలుగు పంక్తుల ఇంగ్లీషు ఆశయం. కింద 'క్రికెట్ ఆడుట, పాటలు వినుట'. ఫిట్టరు కావలసినవారికి క్రికెట్‌తో ఏం పని? వారు చూసేది ట్రేడు, పాసైన సంవత్సరం, చేతికి వచ్చిన పని. అవి పైనే ఉండాలి.

'అనుభవం లేదు' అని రాసి ఊరుకునేవారు చాలామంది. చదువయ్యాక మేనమామ వెల్డింగు షాపులో ఆరు నెలలు పనిచేసిన కుర్రాడికి అనుభవం లేకపోవడమేమిటి? 'ఆర్క్ వెల్డింగు, ఆరు నెలలు, ఇనుప గేట్లు, కిటికీ గ్రిల్స్' అని ఊరి పేరుతో సహా రాస్తే చాలు. బోరు మోటార్లకు వైండింగు చేసినా అంతే. డ్వాక్రా సంఘం పుస్తకాలు మూడేళ్లు రాసిన ఆడపిల్లకు అది లెక్కల అనుభవమే. జీతం రాలేదు కదా అని వదిలేయనక్కరలేదు. చేయని పని మాత్రం రాయకూడదు. మైక్రోమీటరు తెలుసని రాసినవాడి చేతిలో ఇంటర్వ్యూలో మైక్రోమీటరే పెట్టవచ్చు.

పేరు, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్నట్టే ఉండాలి. ఆధార్‌లో వేరుగా ఉంటే ముందే సరిచేయించుకోవాలి. లేకుంటే ఉద్యోగం వచ్చాక పి.ఎఫ్. డబ్బు తీసుకునే వేళ ఇబ్బంది. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు కనుక సర్టిఫికెట్ వెంట తీసుకునే వెళ్లాలి. ఫోను నంబరు రోజూ మోగేదై ఉండాలి.

అన్ని ఉద్యోగాలకూ బయోడేటా అక్కరలేదు. గ్రామీణ డాక్ సేవక్ పోస్టులకు ఆన్‌లైన్ దరఖాస్తే. ఎంపిక పదో తరగతి మార్కుల మీదే.

ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు బయోడేటాలో వేయవద్దు. ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో తెలియదు. దుకాణం కంప్యూటర్లోని ఫైలు ఎదుటే చెరిపించి రావాలి. ఉద్యోగం వేయిస్తామని డబ్బు అడిగే ఏజెంట్లకు సర్టిఫికెట్ల జెరాక్సు కూడా ఇవ్వవద్దు.