చందమామ నేలలో దిగిన సూది

అనంతపురం చెలకల్లో వానకూ వానకూ మధ్య గుంటక తోలేది కలుపు కోసం ఒక్కటే కాదు. పైన రెండంగుళాల మట్టి దుమ్ముదుమ్ముగా ఉంటే అడుగున పదును నిలుస్తుంది. ఆ దుమ్ము రేణువుల సందుల్లో గాలి నిండి ఉంటుంది కాబట్టి ఎండ వేడి తేలిగ్గా కిందికి దిగదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే సీమలో సేద్యం చేసేవాళ్లకు ఇదేం కొత్త సంగతి కాదు. చంద్రుడి మీద నేలంతా అలాంటి పొడి దుమ్మే. పైగా రేణువుల సందుల్లో ఆ గాలి కూడా లేదు. మరి అక్కడి ఎండ ఎంత లోతుకు దిగుతుంది? ఈ ప్రశ్న కోసమే మనవాళ్లు ఒక థర్మామీటర్ చేశారు.

దాని పేరు ఛేస్ట్. తిరువనంతపురంలోని స్పేస్ ఫిజిక్స్ లేబొరేటరీ, అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ కలిసి తయారుచేశాయి. పొడవాటి సూది, దాని ఒంటినిండా 10 ఉష్ణోగ్రత సెన్సర్లు, ఒక చిన్న హీటరు. మోటారు దాన్ని 10 సెంటీమీటర్ల లోతు దాకా నేలలోకి నెట్టగలదు. మొదటి ఛేస్ట్ చంద్రయాన్-2 ల్యాండర్‌తో పాటు వెళ్లింది. 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున ఆ ల్యాండర్ కూలిపోవడంతో ఒక్క కొలతా ఇవ్వకుండానే పోయింది.

ల్యాండర్ సెన్సర్లకు పరీక్ష పెట్టింది మన పొరుగునే. కళ్యాణదుర్గం దాటి కర్ణాటకలోకి పోతే చళ్లకెరె వస్తుంది. ఆ దాపునే ఇస్రో చంద్రుడి మీద ఉన్నట్టుగా గుంతలు తవ్వించి, వాటి మీదుగా సెన్సర్లను విమానంలో తిప్పి చూసింది. రాయీ మిట్టా తప్ప పచ్చదనం కనపడని కరువు నేల ఒక్కోసారి ఇలా పనికొస్తుంది! కూలిపోయిన అనుభవంతో చంద్రయాన్-3 ల్యాండర్ కాళ్లు గట్టిచేశారు, ఇంధనం పెంచారు, దిగే చోటు విస్తీర్ణమూ పెంచారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6.04కు రెండో ఛేస్ట్ క్షేమంగా నేల చేరింది. అందరూ దక్షిణ ధ్రువమనే రాశారు గానీ, దిగింది 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర. అక్కడినుంచి ధ్రువానికి ఇంకా 600 కిలోమీటర్ల పైమాటే.

పరాయి నేలలో సూది దించడం చెప్పినంత సులువు కాదు. 2014లో తోకచుక్క మీద దిగిన ఫీలే పరికరం సుత్తితో ఎంత కొట్టినా లోపలికి పోలేకపోయింది. అంగారకుడి మీద ఇన్‌సైట్ ల్యాండర్ దించిన 'మోల్' అనే పరికరం 5 మీటర్లు దిగాల్సింది. మట్టి పట్టు ఇవ్వక పైపైనే కొట్టుకుంది, 2021 జనవరిలో నాసా ఆశ వదులుకుంది. చంద్రుడి మీద అపోలో 15, 17 వ్యోమగాములు డ్రిల్లు చేతపట్టి వేడి కొలిచే కడ్డీలు దించారు. అయితే ఆ చోట్లు ధ్రువాలకు చాలా దూరం.

ఛేస్ట్ దిగింది. ఆగస్టు 27న ఇస్రో విడుదల చేసిన గ్రాఫ్‌లో నేల పైన 50 డిగ్రీలు దాటింది, 8 సెంటీమీటర్ల కింద మైనస్ 10. పైన 20, 30 డిగ్రీలు ఉంటుందనుకున్న శాస్త్రవేత్తలే ఆశ్చర్యపోయారు. 2025 మార్చిలో కె. దుర్గాప్రసాద్ బృందం ప్రచురించిన పరిశోధనలో అసలు విషయం తేలింది. సూది గుచ్చుకున్న చోట పగటి గరిష్ఠం 82 డిగ్రీలు. మీటరు దూరంలో, చదునైన నేల మీద సుమారు 59 మాత్రమే! తేడా ఎక్కడంటే, సూది దిగిన చోటు సూర్యుడి వైపు 6 డిగ్రీలు వాలి ఉంది. అంటే పదడుగులకు ఒక అడుగు ఎత్తు. అంతమాత్రం వాలుకే ఇంత ఎండ.

నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. పైనుంచి తీసిన పటంలో ఎంత వెతికినా ఈ తేడా దొరకదు. నేలలో గుచ్చితేనే తెలిసింది. పైగా లెక్కను తిరగేయవచ్చు. వాలు ధ్రువం వైపు తిరిగి 14 డిగ్రీలు దాటితే, అంటే నాలుగడుగులకు ఒక అడుగు, అక్కడ ఎండ బాగా ఏటవాలుగా పడుతుంది. అలాంటి చోట్ల ధ్రువం దాకా పోకుండానే, తక్కువ లోతులోనే మంచు నిలిచి ఉండవచ్చని ఆ బృందం అంచనా.

సెప్టెంబరు 3న ల్యాండర్ ఇంజన్లు వెలిగించి 40 సెంటీమీటర్లు పైకి లేచి, పక్కకు జరిగి దిగింది. ఆ గెంతుకు ముందు ఛేస్ట్‌ను మడిచారు, తర్వాత మళ్లీ దించారు. మర్నాడు ల్యాండర్ నిద్రపోయింది. చంద్రుడి మీద రాత్రి గడిచాక పిలిచినా పలకలేదు.

జపాన్‌తో కలిసి చేసే చంద్రయాన్-5కు 2025 మార్చిలో కేంద్రం అనుమతి ఇచ్చిందని ప్రకటించారు. ఈసారి దక్షిణ ధ్రువం దాపున రోవర్ మంచు కోసం ఒకటిన్నర మీటర్ల లోతు దాకా తవ్వి మట్టి తీయాలి. వెయ్యి అడుగులు పోయినా చుక్క పడని బోర్లు చూసిన వాళ్లకు ఈ ఐదడుగులు నవ్వు తెప్పిస్తాయి. కాకపోతే చంద్రుడి మీద పగటికీ రాత్రికీ మధ్య వేడి మార్పు అర మీటరు లోతుకే దాదాపు ఆగిపోతుంది. అంతకన్నా కింద ఎప్పుడూ ఇంచుమించు ఒకే చలి. పాయింటు కుదిరితే ఐదడుగులు చాలు.