కంప్యూటరునకు నమ్మదగిన పవర్ సప్లై

నేడు మన గ్రామములలో కంప్యూటరు వింత వస్తువు కాదు. పాఠశాలలోను, పాల సంఘము కార్యాలయములోను, దరఖాస్తులు నింపి యిచ్చు చిన్న దుకాణములలోను అది నిత్యము పనిచేయుచున్నది. విడిభాగములను పట్టణమునుండి కొనితెచ్చి స్వయముగా కూర్చుకొను యువకులును పెక్కుమంది కలరు. ఇది హర్షింపదగిన విషయము. కాని ప్రాసెసరు, మెమరీల విషయమున వారు చూపు శ్రద్ధ పవర్ సప్లై విషయమున చూపుట లేదు. బజారులో ఎస్.ఎం.పి.ఎస్. అని వ్యవహరింపబడు ఆ ఇనుప పెట్టెయే తక్కిన భాగములన్నింటికిని ప్రాణాధారము.

ఇటీవల నా పర్యటనలో ఒక గ్రామమున అప్పుచేసి దుకాణము పెట్టుకొన్న యువకుని కలిసికొంటిని. క్యాబినెట్టుతో పాటు వచ్చిన చవక పెట్టెనే అతడు వాడుచుండెను. ఒకనాడు కరెంటు పోయి తిరిగి వచ్చిన క్షణమున ఆ పెట్టె కాలిపోయినది. దానితోపాటు మదర్‌బోర్డు, హార్డ్ డిస్కు కూడ చెడిపోయినవి. ఉపకార వేతనముల గడువు సమీపించిన తరుణమున విద్యార్థుల కాగితముల ప్రతులన్నియు అందులోనే యుండెను. గోటితో పోవలసినదానికి గొడ్డలి అవసరమైనది.

అది చేయు పని

ప్లగ్గునుండి వచ్చునది 230 వోల్టుల ఏ.సి. కరెంటు. కంప్యూటరు భాగములకు కావలసినది 12, 5, 3.3 వోల్టుల డి.సి. కరెంటు. ఈ మార్పును చేయునది పవర్ సప్లై. ఇంటెల్ సంస్థ 1995లో ప్రవేశపెట్టిన ఏ.టి.ఎక్స్. ప్రమాణముల ననుసరించి ఈ వోల్టేజీలు సాధారణముగా 5 శాతమునకు మించి పెరుగరాదు, తరుగరాదు. అనగా 12 వోల్టుల తీగలో 11.4 మొదలు 12.6 వరకు ఉండవచ్చును. వోల్టేజి హద్దు మీరినను, భారము మించినను, తీగలు ఒకదానికొకటి తగిలినను మంచి పెట్టె తనంతట తానే ఆగిపోవును. నాసిరకపు పెట్టె ఆగదు. తాను కాలుటయేగాక ఇతర భాగములను కూడ కాల్చును.

చీటీని చదువుట యెట్లు?

పెట్టెపై పెద్ద అక్షరములతో ముద్రించిన వాట్ల సంఖ్యను మాత్రమే నమ్మరాదు. ప్రక్కన అంటించిన చీటీలో 12 వోల్టుల క్రింద ఎన్ని ఆంపియర్లు వ్రాయబడినవో చూడవలెను. ఆ సంఖ్యను 12తో హెచ్చించినచో వాట్లు తెలియును. నేటి కంప్యూటరులో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు ప్రధానముగా ఈ 12 వోల్టులనే వాడుకొనును. 450 వాట్ల పెట్టెపై 37 ఆంపియర్లు ఉన్నచో అవి 444 వాట్లగును, మాట సరిపోయినది. అదే 450 వాట్ల పేరు గల వేరొక పెట్టెపై 14 ఆంపియర్లు మాత్రమే ఉన్నచో అవి 168 వాట్లే. అట్టిదానిని కొనకుండుట మేలు.

ఎన్ని వాట్లు కావలెను?

గ్రాఫిక్స్ కార్డు లేని సాధారణ కంప్యూటరు సుమారు 100 మొదలు 150 వాట్లు వాడుకొనును. దానికి నాణ్యమైన 400 లేక 450 వాట్ల పెట్టె చాలును. కార్డు పెట్టుకొనువారు దాని తయారీదారు సూచించిన సంఖ్యను పాటించవలెను. ఉదాహరణకు, 170 వాట్లు వాడుకొను ఎన్విడియా ఆర్.టి.ఎక్స్. 3060 కార్డునకు 550 వాట్ల పవర్ సప్లై సూచింపబడినది.

కొన్ని పెట్టెలపై "80 ప్లస్" అను గుర్తు కనిపించును. 2004లో ఆరంభమైన ఈ పథకము విద్యుత్తు ఎంత పొదుపుగా వినియోగమగుచున్నదో తెలుపును. 150 వాట్ల పనికి 85 శాతము సామర్థ్యము గల పెట్టె సుమారు 176 వాట్లు తీసికొనును. 70 శాతముదైనచో 214 వాట్లు తీసికొనును. దినమునకు 8 గంటల చొప్పున 300 దినములు నడిపినచో ఈ భేదము సుమారు 90 యూనిట్లు. అయితే ఈ గుర్తు పొదుపునకే సాక్ష్యము, రక్షణలకు కాదు. కనుక రక్షణల వివరమును, గ్యారంటీ కాలమును విడిగా విచారించవలెను. మంచి తయారీదారులు ఐదేండ్లు, అంతకు మించియు గ్యారంటీ ఇచ్చుచున్నారు.

గ్రామములలో ప్రత్యేక జాగ్రత్తలు

వ్యవసాయపు మోటార్లు నడచు వేళల వోల్టేజి పడిపోవుట మనకు తెలిసినదే. కావున చీటీపై "200–240 వోల్టులు" అని గాక "100–240 వోల్టులు" అని యున్న పెట్టెను ఎన్నుకొనవలెను. కరెంటు పోయినప్పుడు యు.పి.ఎస్. అందుకొనుటకు కొన్ని మిల్లీసెకండ్లు పట్టును. మంచి పెట్టె ఆ లోటును తనలోని కెపాసిటర్లతో పూరించును. లేనిచో కంప్యూటరు ఆగి మరల మొదలగును; చేయుచున్న పని పోవును.

క్యాబినెట్టును తాకినప్పుడు జిల్లుమనినచో ఇంటికి సరియైన ఎర్తింగు లేదని అనుమానింపవలెను. మూడవ పిన్నును విరిచి రెండు పిన్నులతో వాడుట ప్రమాదకరము. ముందు ఎలక్ట్రీషియనుచే ఎర్తింగును పరీక్ష చేయించవలెను. పెట్టె ఫ్యానుకు గాలి ఆడునట్లు చూచి, ధూళిని పైనుండియే తుడువవలెను. ప్లగ్గు తీసిన పిదపను లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. కనుక పెట్టెను ఎన్నడును విప్పరాదు.

కొనునప్పుడు బిల్లు తీసికొనుట, చీటీని దుకాణములోనే చదువుట కష్టమైన పనులు కావు. పైన చెప్పిన యువకుడు ఈ మారు చీటీ చదివి పెట్టెను కొనెను. ఎర్తింగు గొయ్యియు త్రవ్వించెను. విద్యార్థుల కాగితముల ప్రతులను వేరొక డిస్కులో కూడ భద్రపరచుచున్నాడు. కంప్యూటరు కూర్చుకొనదలచిన మన గ్రామ యువకులందరు నష్టము జరుగక మునుపే ఈ మెలకువలను పాటింతురుగాక!