మా కొబ్బరి చెట్టును తిన్నదెవరు?

మేము కొండాపూర్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు పెరట్లో మొదట నాటినది ఒక కొబ్బరి మొక్కను. మా పెదనాన్నగారు దానిని కోనసీమ నుండి బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చారు. అప్పుడు మా చుట్టూ రాళ్లగుట్టలు, ఖాళీ స్థలాలే. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత ఆ గుట్టల స్థానంలో అద్దాల భవనాలు లేచాయి. వాటితోపాటే మా చెట్టూ ఎదిగి కాపుకొచ్చింది. పెదనాన్నగారు పోయిన తర్వాత, ఆ చెట్టు కాయ కొట్టినప్పుడల్లా ఇంట్లో ఆయన మాట వచ్చేది.

కొన్ని సంవత్సరాల క్రితం ఒక వానాకాలంలో, కొత్తగా విచ్చుకున్న ఆకు వింతగా కనిపించింది. రెండు వైపులా ఎవరో కత్తెరతో కోసినట్లుంది. పిల్లలు దానిని విసనకర్ర అన్నారు. మేము నవ్వి ఊరుకున్నాము. అదే మేము చేసిన పొరపాటు.

ఆ కత్తెర ఎవరిది?

అది కొమ్ము పురుగు పని. నల్లగా, బొటనవేలంత ఉండే ఈ పెంకు పురుగుకు తలమీద కొమ్ము ఉంటుంది. పగలు దాగి, రాత్రి ఎగిరి వచ్చి, ఇంకా విచ్చుకోని మొవ్వు ఆకులోకి తొలుచుకుపోతుంది. లోపల మడతలుగా ఉన్న ఆకును ఒకచోట కొరికితే చాలు, విచ్చుకున్నప్పుడు ఆకంతా వరుసగా తెగి కనిపిస్తుంది. దీపాల వెలుగుకు కూడా ఇది వస్తుంది. తెల్లవార్లూ దీపాలు వెలిగే మన ప్రాంతంలో వీధి దీపాల కింద ఇలాంటి పురుగు కనిపిస్తే ఆశ్చర్యపడనవసరం లేదు.

అయితే ఇది ఎక్కడ పుడుతుంది? చెట్టుమీద కాదు. పేడకుప్పలలో, ఎరువు గుంటలలో, కుళ్లిన మొద్దులలో గుడ్లు పెడుతుంది. తెల్లని లావుపాటి పిల్ల పురుగులు మూడు నాలుగు నెలలపాటు ఆ కుళ్లునే తిని పెరుగుతాయి. తోటపని తెలిసిన పొరుగు పెద్దాయన ఒకరు ఈ సంగతి చెప్పి, మా ఎరువు గుంట చూపించమన్నారు. ఎండుటాకులు, వంటింటి చెత్త, పేడ వేసి రెండేళ్లుగా కదపని గుంట అది. పార వేయగానే వంకర తిరిగిన తెల్ల పురుగులు గుప్పెళ్లకొద్దీ బయటపడ్డాయి. చెట్టుకు బలం కావాలని చేసిన గుంటలో దాని శత్రువును మేమే పెంచామన్నమాట!

తలుపు తీసిన తర్వాత

కొమ్ము పురుగు ఒక్కటే సాధారణంగా ఎదిగిన చెట్టును చంపదు. కానీ అది చేసిన గాయపు వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది. పొడుగాటి ముక్కున్న ఈ పెంకు పురుగు గాయంలో గుడ్లు పెడుతుంది. కాళ్లులేని దాని పిల్లలు కాండంలోపలి మెత్తని భాగాన్ని తింటూ పోతాయి. పైకి చెట్టు పచ్చగానే ఉంటుంది. మా చెట్టుకు చిన్న రంధ్రం నుండి గోధుమరంగు జిగురు కారింది. కాండానికి చెవి ఆనించగా లోపల ఏదో నములుతున్న చప్పుడు వినిపించింది. అప్పటికే ఆలస్యమైంది. మరుసటి నెల మొవ్వు విరిగి పడింది.

ఇది మన ఊరి బాధ మాత్రమే కాదు. దక్షిణాసియాకు చెందిన ఎర్రముక్కు పురుగు 1980ల మధ్యలో గల్ఫ్ దేశాల ఖర్జూర తోటలకు చేరి గొప్ప నష్టం కలిగించింది. కొమ్ము పురుగు 1909లో రబ్బరు మొక్కలతో సమోవా దీవులకు చేరింది. 1963లో మలేషియాలో దానికి సోకే వైరస్‌ను కనుగొని, 1967లో సమోవాలో విడిచిపెట్టగా పురుగుల సంఖ్య బాగా తగ్గింది. అయితే 2007లో గువామ్‌లో కనిపించిన రకం ఆ వైరస్‌కు లొంగలేదు.

మనము ఏమి చేయవచ్చు?

ఎరువు గుంటను తరచుగా తిరగవేసి, కనబడిన పురుగులను ఏరివేయండి. పచ్చ బూజు శిలీంధ్రాన్ని గుంటలో కలిపితే అది పిల్ల పురుగులకు సోకి చంపుతుంది. ఎండిన కొబ్బరి, ఖర్జూర మొద్దులను ఇంటి దగ్గర ఉంచకండి. మొవ్వులో రంధ్రం కనబడితే కొక్కెమున్న ఇనుప తీగతో పురుగును బయటకు లాగండి. మొవ్వు దగ్గరి మట్టల మొదళ్లలో వేపగింజల పొడిని ఇసుకతో కలిపి వేయండి. నీటిలో నానబెట్టిన ఆముదపు పిండిని కుండలో పెడితే పురుగులు అందులోకి వచ్చి పడతాయి. పచ్చి మట్టలను మొదలంటా నరకకుండా మూడు నాలుగు అడుగులు వదలండి. చెట్టు ఎక్కడానికి కాండానికి గంట్లు పెట్టకండి. గాయమే ఎర్రముక్కు పురుగుకు దారి.

పెంకు పురుగులన్నీ శత్రువులు కావు. లోకంలో గుర్తించినవే దాదాపు నాలుగు లక్షల రకాలు. అక్షింతల పురుగులలో కొన్ని వంగ ఆకులను జల్లెడ చేస్తే, మరికొన్ని పేనుబంకను తిని మొక్కలను కాపాడతాయి. అందుచేత కనబడినదానినెల్లా చంపక, ముందు గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

మా గుంట నుండి ఎగిరిన పురుగులు మా గోడ దగ్గర ఆగలేదు. పొరుగువారి చెట్టు ఆకు కూడా తెగింది. అయితే ఈసారి ఆ ఆకును చూసి ఎవరమూ నవ్వలేదు. అదే వారం పురుగును తీసివేశాము. ఆ చెట్టు బ్రతికింది. నిరుడు దాని కాయ ఒకటి మొలకెత్తించి వారు మాకిచ్చారు. దానిని పెదనాన్నగారి చెట్టున్న చోటనే నాటాము. ఎరువు గుంట తిరగవేసే పని ఇప్పుడు పిల్లలది.